గుడ్డులో దాగిన మాట

అక్కయమ్మ సంచి సర్దిందంటే ఆ సంచికి ఇక జిప్పు పడదు.

నెల్సన్ నీలం బ్యాగు నడిమింట్లో చాప మీద నోరు తెరుచుకుని ఉంది. అందులోకి ఆమె ముందు రాగిపిండి పొట్లం దింపింది. దాని మీద నిమ్మకాయ ఊరగాయ సీసా, సీసా చుట్టూ పాత చీర గుడ్డ, ఆ గుడ్డ సందుల్లో అల్లం, మిరియాలు, ఎండిన తులసాకు. అతని చొక్కాలూ ప్యాంట్లూ ఇంకా బయటే ఉన్నాయి.

"అవ్వా, నేనుండేది హాస్టల్లో. యాడ గెలికేది సంగటి?" అన్నాడు నెల్సన్.

"గెలికే మనిషి దొరికేదాకా పిండి చెడిపోదులే నాయనా," అంది అక్కయమ్మ తలెత్తకుండా.

గడప దగ్గర నిలబడ్డ మనవరాలు నేత్రావతికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మాస్కు ముక్కు మీదికి లాక్కుని, "మిరియాలు ఇంగ చాలవ్వా. కషాయం అంగడి పెడతాడా ఏంది?" అంది.

"నీకేం తెలుసే. ఊర్లన్నీ జబ్బు. బస్సులో ఎవురు దగ్గుతారో, ఎవురు తుమ్ముతారో."

ముందు రోజు టీవీలో చెప్పారు. మంగళవారం రాత్రి తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు అన్నీ బంద్. ఇవాళే మంగళవారం. నెల్సన్ సుగటూరులోనే ఆగిపోవచ్చు. పాల డెయిరీ మీద అతను అద్దెకుంటున్న గదికి వచ్చిన తొందరేమీ లేదు. తొందరంతా పట్టుపురుగుల షెడ్డు మూల నిలబెట్టిన అల్యూమినియం క్యానుది. దాని కడుపులో ద్రవ నైట్రోజన్, ఆ చలిలో అతను మూడు నెలలుగా పోగుచేసిన పురుగు గుడ్ల శాంపిల్స్. గురువారం క్యాను నింపడానికి రావలసిన జీపు రాదని ఫోన్ వచ్చింది. ఉన్న చలి నాలుగు రోజులు ఆగుతుంది. ఆ తర్వాత అన్నీ కరిగి నీళ్ళే.

కాబట్టి పొద్దున తొమ్మిది గంటల బస్సుకు అతను బెంగళూరు వెళ్ళాలి. వెళ్ళేలోగా నేత్రావతి అతనికి ఒక జవాబు చెప్పాలి. పదకొండు రోజులుగా ఆ జవాబు ఆమె దగ్గరే ఉంది. గోడ మీద గడియారం ఏడున్నర చూపిస్తోంది.

*

అతను మొదటిసారి వచ్చింది ఫిబ్రవరి మొదటి వారంలో.

ఇంటికి కాస్త ఎడంగా పొడుగాటి రేకుల షెడ్డు. సుగటూరులో దాన్ని పురుగుల ఇల్లు అంటారు. అందులో తట్టల మీద పట్టుపురుగులు, పురుగుల మీద మల్బరీ ఆకు, గడప ముందు తెల్లగా సున్నం. ఆ సున్నం దాటి బయటివాళ్ళెవరూ లోపల అడుగు పెట్టరు. రెండేళ్ళ కిందట ఎవరో చుట్ట తాగిన చేత్తో ఆకు ముట్టుకుంటే ఒక పంట మొత్తం పోయింది. అప్పటినుంచి నేత్రావతి ఆ గడపకు కాపలా.

జీపు దిగి, భుజాన బ్యాగు, చేతిలో పెద్ద క్యానుతో ఒక కుర్రవాడు నేరుగా సున్నం మీదికి వస్తుంటే ఆమె చీపురు అడ్డం పెట్టింది.

"ఆవులు ఈడ లేవు సార్. కొట్టం వెనకపక్క ఉండాది. ఐనా మా ఆవు చూలుతో ఉండాది, సూది అక్కరలేదు."

అతను చీపురును చూశాడు, ఆమెను చూశాడు. "ఏ ఆవు?"

అప్పటికే వెనక నుంచి ఆవులప్ప తన ఆవును పలుపు పట్టి లాక్కొచ్చేస్తున్నాడు. పక్కింటి మనిషి. ఊళ్ళో ఎవరింటి ముందు జీపు ఆగినా అది తనకోసమే అనుకుంటాడు. "సార్, సార్! మాది పొద్దన్నుంచి అరుస్తా ఉండాది. ముందు మాకు ఏసిపోండి."

పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే ఉద్యోగి సరిగ్గా అలాంటి క్యానే తెస్తాడు. మూత తీస్తే అలాగే తెల్లటి పొగ. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆ క్యానుకు వేరే అర్థం లేదు.

"నేను ఆవు డాక్టర్ని కాదప్పా. నేను పి.హెచ్.డి.," అన్నాడు అతను.

"పి.హెచ్.డి.నా?" ఆవులప్ప ఆలోచనలో పడ్డాడు. "జెర్సీ తెలుసు, హెచ్.ఎఫ్. తెలుసు. ఇది కొత్తగా వచ్చిందా? పూటకు ఎన్ని లీటర్లు ఇస్తాది?"

నేత్రావతి చీపురు చాటున నవ్వు దాచుకుంది. అంతలో గాలి ఇటు తిరిగింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఏందది? సెంటా?"

"బాడీ స్ప్రే."

"పోండి! బయటికి పోండి! నా పురుగులు చస్తాయి!"

పావుగంట తర్వాత నెల్సన్ కొళాయి కింద చొక్కా విప్పి, బట్టల సబ్బుతో మెడ తోముకుంటున్నాడు. ఆవులప్ప ఆవుతో సహా నిలబడి చూశాడు. నేత్రావతి తండ్రి చిక్కవెంకటప్ప ఎప్పుడూ పది మాటలకు మించి మాట్లాడని మనిషి. ఆయన ఒక తువ్వాలు అందించి, "బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఉత్తరం వచ్చింది. నేను చెప్పడం మరిచినాను," అన్నాడు.

బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో పాదాలు ముంచి, ఒళ్ళంతా సబ్బు వాసనతో నెల్సన్ లోపలికి వచ్చాడు. రెండడుగులు వేసి ఆగి చెవి ఒగ్గాడు.

"వాన పడతా ఉండాదే!"

కిటికీలోంచి చూశాడు. బయట ఎండ మండిపోతోంది. వెయ్యి వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు కొరుకుతున్న చప్పుడు అది. ఆ సంగతి తెలిసి అతని ముఖం చిన్నపిల్లాడి ముఖమైంది. ఆ ముఖాన్ని నేత్రావతి కావాలని చూడలేదు. చూసేసింది, అంతే.

"ఆ మూల తట్టలు ముట్టుకోవద్దండి సార్. వాటికి మూడో జ్వరం."

"జ్వరమా? డాక్టర్ని పిలవలేదా?"

"పురుగు పాత తోలు విడిచే ముందర తల ఎత్తుకొని నిద్రపోతాది. దాన్ని మేం జ్వరం అంటాము. పి.హెచ్.డి.లో చెప్పలేదా?"

*

నెల రోజుల్లో ఇద్దరికీ అర్థమైంది, మడి విషయంలో ఇద్దరూ ఇద్దరేనని.

ఆమె గడపకు సున్నం. అతని బల్లకు చేతి తొడుగులు. పురుగుల ఇంటి పక్క గదిలో అతను గుడ్లను సన్నటి గొట్టాల్లో వేసి క్యానులోకి దించుతుంటాడు. ఒకసారి గొట్టం కింద పడబోతే నేత్రావతి ఒడిసి పట్టుకుంది. అతను అరిచినంత పని చేశాడు.

"చేతులు! చేతులు!"

"కడుక్కొనే ఉండాను!"

"కడిగినా పోదు. మన చెమటలోనే ఉంటాది, ఆర్ఎన్ఏని ముక్కలు ముక్కలు చేసేది. ఊపిరి కూడా దాని మీద ఇడవకూడదు."

"అయితే నువ్వు మాట్లాడకుండా ఉండు," అంది నేత్రావతి. సార్ పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

అక్కయమ్మ గమనించింది. మొదటి వారం ఆమె నెల్సన్‌కు కాఫీ వేరే లోటాలో ఇచ్చేది. ఆ లోటా అరుగు మీదే ఉండేది, అతనే కడిగి బోర్లించేవాడు. కేజీఎఫ్ బంగారు గనుల కుటుంబం, చర్చికి పోయే మనుషులు అని విన్నాక ఆ లోటా అక్కడికి వచ్చింది. ఒకరోజు అవ్వకు మోకాలి నొప్పి ఎక్కువైతే అతనే పాలు పితికి, పొయ్యి ఊది, కాఫీ కాచి ఆమెకు ఇచ్చాడు. మరునాటి నుంచి ఆ లోటా కోళ్ళకు నీళ్ళు పెట్టేందుకు పోయింది.

ఒక సాయంత్రం మల్బరీ తోటలో ఇద్దరూ ఆకు కోస్తున్నారు. పొద్దు వాలి ఆకుల వెన్ను బంగారు రంగుకు తిరిగింది.

"ఇంతకీ ఏం వెతుకుతా ఉండావు మా గుడ్లలో?"

"కణంలో ఒక గది ఉంటాది. గదిలో పెద్ద పుస్తకం. పుస్తకం బయటికి రాదు, కావలసిన పేజీని చీటీ మీద ఎక్కించి పంపిస్తాది. ఆ చీటీనే..."

"మెసెంజర్ ఆర్ఎన్ఏ. బి.ఎస్సీ. రెండేళ్ళు చదివినాను. ముందుకు పో."

అతను నాలుక కరుచుకున్నాడు. "సరి. చీటీ ఒంటరిగా తిరగదు. గది దాటతానే దాన్ని కొన్ని ప్రోటీన్లు పట్టుకుంటాయి. కొన్ని చినిగిపోకుండా కాపాడతాయి. కొన్ని కణంలో ఇంకో మూలకు మోసుకొని పోతాయి. కొన్ని దాన్ని చించేసే చోటికి అప్పజెప్తాయి. ఇంగ కొన్ని ఉండాయి చూడు, అవి ఊరికే పట్టుకొని కూర్చుంటాయి. చదవనియ్యవు."

"యాలా?"

"సమయం రాలేదని. తల్లి పురుగు గుడ్డు పెట్టక ముందే చీటీలన్నీ రాసి అందులో దాచిపెడతాది. కాళ్ళు ఇట్ల చేసుకో, కండ్లు ఇట్ల చేసుకో అని. గుడ్లు పెట్టి అది చచ్చిపోతాది. చీటీలు ఉంటాయి. వాటిని ఆ ప్రోటీన్లు పట్టుకొని ఉంటాయి, గంట వచ్చేదాకా. ఏ ప్రోటీన్, ఏ చీటీని, ఏ గంటకు వదుల్తాది? అంతే నా పని."

నేత్రావతి చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. అమ్మ పోయి నాలుగేళ్ళు. మంచంలో ఉండగా ఎన్నోసార్లు ఏదో చెప్పబోయి, తర్వాత చెప్తాలే అని కళ్ళు మూసుకునేది. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. గుడ్డులో చీటీ పెట్టి పోయే తల్లి ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆమె తనలో తాను ఎంత వెతుక్కునేదో.

అతను చూస్తున్నాడని తెలిసి మాట మార్చేసింది. "మా అవ్వ అట్లాంటి ప్రోటీనే. జనవరిలో నంగలి నుంచి నాకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి జాతకం చీటీ అవ్వ వక్కాకు సంచిలో దూరింది. మూడు నెలలు కావస్తా ఉండాది. మా నాయిన చేతికి ఇంగా పోలేదు. మంచి రోజు రాలేదంటాది."

నెల్సన్ చాలాసేపు ఒకే కొమ్మకు ఆకు కోశాడు. ఆ కొమ్మకు ఆకు ఎప్పుడో అయిపోయింది.

"బలే గట్టి ప్రోటీన్," అన్నాడు చివరికి. "దాన్ని కదిలించొద్దు."

*

ఏప్రిల్ మొదట్లో గుడ్ ఫ్రైడే వచ్చింది. కేజీఎఫ్‌లోని ఛాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల పాత లైన్ ఇంట్లో అతని తల్లి మార్గరెట్ ఒంటరిగా ఉంటుంది. పండుగకు రాకపోతే అన్నం ముట్టనని ఫోన్‌లో చెప్పింది. నాలుగు రోజులకు వెళుతూ నెల్సన్ గుడ్లు అంటిన కాగితం షీట్లను నేత్రావతి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టాడు. ఒకనాటి వయసు గుడ్లు, రెండునాళ్ళవి, అలా తొమ్మిది షీట్లు. చలిలో ఎదుగుదల మందగిస్తుంది. వచ్చాక ఒక్కో షీటూ గొట్టాల్లోకి.

శనివారం పాలు తీయబోయి నేత్రావతి ఆ షీట్లను చూసింది. అన్నిటికంటే ఎక్కువ వయసున్న షీటులో గుడ్లు నీలం తిరిగాయి. గుడ్డు నీలం తిరిగిందంటే లోపల పురుగు తయారైందని. ఇంకా చలిలో ఉంటే లోపలే చస్తుంది. ఈ ఇంట్లో పుట్టిన ఎవరికైనా అది తెలుసు. పాపం, కేజీఎఫ్ పిల్లోడు, మరిచిపోయినాడు.

ఇక ఆమె చేయవలసిందంతా చేసింది. షీట్లన్నీ బయటికి తీసింది. నల్లగుడ్డలో చుట్టి, చీకటి పెట్టెలో వెచ్చగా పెట్టింది. నల్లగుడ్డలో ఉంచి ఒక్కసారిగా వెలుతురు చూపిస్తే పురుగులన్నీ కలిసి బయటికి వస్తాయి. సోమవారం పొద్దున గుడ్డ విప్పింది. ఎక్కువ వయసున్న మూడు షీట్ల నుంచి చీమల్లాంటి నల్లటి పిల్లలు బిలబిలా వచ్చాయి. లేత ఆకును దారాల్లా తరిగి వాటి మీద చల్లి, బస్సు దిగే మనిషి కోసం ఎదురు చూసింది.

"చూడు! ఒక్కటీ చావలేదు!" అంది, తట్ట ముందుకు జరిపి.

నెల్సన్ తట్టలోకి చూశాడు. మిగతా షీట్లు తిరగేసి చూశాడు. వెచ్చదనానికి అన్నీ ఎంతో కొంత ఎదిగాయి. ఏ షీటు వయసు ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు.

"ఎవురు తీయమన్నారు నిన్ను?"

"నీలం తిరిగినాయి. చచ్చిపోయేవి."

"చచ్చిపోయేదానికే పెట్టినాను! ఆ గంటలో ఆపి గడ్డ కట్టించేదానికి! ఆరు వారాల పని. డిగ్రీ కూడా సగంలో వదిలేసినదానివి, నీకెందుకు ఇవన్నీ?"

మాట నోరు దాటాక అతనికే వినిపించింది. నేత్రావతి తట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పరుగెత్తలేదు, ఏడవలేదు. గడప దగ్గర ఆగి తొట్టిలో పాదాలు ముంచి మరీ వెళ్ళింది.

మూడు రోజులు ఆమె గొంతు వినిపించలేదు. అక్కయమ్మే సంగటి పెట్టింది, నెత్తిన కొట్టినట్టు. "దాని తల్లి మంచం పడితే రెండేళ్ళు ఇదే ఎత్తి దించింది నాయనా. కాలేజీ అట్ల పోయింది. బుర్ర లేక కాదు."

నాలుగో రోజు పొద్దున నేత్రావతి పురుగుల ఇంటికి వచ్చేసరికి లోపల ఎవరో ఉన్నారు. నెల్సన్. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బ్లీచింగ్ నీళ్ళకు తెల్లబారిన పాదాలతో, ఆమె బతికించిన పిల్ల పురుగులకు లేత ఆకు తరుగుతున్నాడు. ముక్కలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"అంత లావు ముక్కలు వాటి నోట్లో పడతాయా?" అంది.

అతను కత్తి ఆపాడు. "మాట్లాడినావు."

"పురుగుల కోసం."

"నేను అన్నది తప్పు నేత్రా. అవ్వ ముందే చెప్పుంటే..."

"చెప్పుంటే అనేవాడివి కాదా?"

అతను నిజంగా ఆలోచించాడు. "అనుండేవాణ్ణే. కోపంలో నాకు ఏదీ గుర్తుండదు. కానీ ఆ సాయంత్రమే కాళ్ళు పట్టుకొనుండేవాణ్ణి. మూడు రోజులు వేస్ట్ అయ్యేది కాదు."

నవ్వకూడదని ఆమె చాలా ప్రయత్నించింది. చూరు కింద దోపిన నోటుబుక్కు తీసి అతని మీదికి విసిరింది. అతను తెరిచాడు. ఏ షీటు ఎన్ని గంటలకు నీలం తిరిగింది, ఏది ఎన్ని గంటలకు పగిలింది, గదిలో వేడి ఎంత. అన్నీ వరసగా, గుండ్రటి అక్షరాల్లో.

"ఇది ఎవురు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు. మా అమ్మ రాసేది. నేనూ రాస్తాను."

నెల్సన్ ఆ పేజీలను చాలాసేపు చూశాడు. "రెండో బ్యాచ్ చేద్దాం. రిజిస్టర్ నువ్వు రాయాల. ఆ పైన పోయి ఆ డిగ్రీ పూర్తి చెయ్యాల. ఇది నేను చెప్పేది కాదు. ఆ రాతే చెప్తా ఉండాది."

*

రెండో బ్యాచ్‌కు పట్టుగూళ్ళు కావాలి. అమ్మవలసిన గూళ్ళలోంచి ఒక తట్ట చిక్కవెంకటప్ప తనే తీసి పక్కన పెట్టాడు. గూడు చీల్చుకుని తెల్లటి రెక్కల పురుగులు వచ్చాయి, జత కట్టాయి, గుడ్లు పెట్టాయి. నేత్రావతి గంట గంటకూ రాసింది. నెల్సన్ గంట గంటకూ గొట్టాలు నింపాడు. ఇద్దరికీ మాస్కులు, ఇద్దరికీ తొడుగులు. కళ్ళు మాత్రమే మిగిలాయి. ఆ కళ్ళకు ఎప్పుడూ లేనంత పని పడింది.

ఏప్రిల్ నడుమ ఒక మధ్యాహ్నం మామిడి వాన వచ్చింది. ముందు దుమ్ము, ఆ వెనక మట్టి వాసన, ఆ తర్వాత రేకుల మీద వడగళ్ళు. తోటలోంచి పరుగెత్తి ఇద్దరూ పురుగుల ఇంటి చూరు కింద చేరారు. లోపల ఆకు కొరికే వాన, బయట నిజం వాన. నడుమ రెండడుగుల పొడి నేల, ఇద్దరు మనుషులు.

"మా ఊర్లో సైనైడ్ దిబ్బలు ఉండాయి," అన్నాడు నెల్సన్. "గనిలోంచి తీసిన మట్టి, కొండలంత. వాన పడితే బూడిద రంగులో మెరుస్తాయి. చిన్నప్పుడు వాటి మీద నుంచి జారేవాళ్ళం. మా అమ్మ కట్టె ఎత్తుకొని వచ్చేది. నీకు చూపించాల."

"యాలా? జారేదానికా?"

"మా అమ్మకి చూపించేదానికి. నిన్ను."

వడగళ్ళు రేకులను పగలగొట్టేలా ఉన్నాయి. నేత్రావతి ఏమీ వినబడనట్టు చూసింది. అతను మాస్కు కిందికి లాగి ఇంకాస్త గట్టిగా అన్నాడు.

"మీ నాయినని అడిగేదానికి నాకు ధైర్యం చాలదు. ముందు నిన్ను అడుగుతా ఉండాను. నాతో ఉంటావా, ఎప్పటికీ?"

జవాబు ఆమెలో అప్పటికే ఉంది. బహుశా ఫిబ్రవరి నుంచీ ఉంది. కానీ పైకి అన్నది ఏదీ ఆమెకు నిలవలేదు. అమ్మకు నయమవుతుంది అని గట్టిగా అంది, నయం కాలేదు. కాలేజీకి మళ్ళీ వస్తాను అని స్నేహితులతో అంది, పోలేదు. అనకుండా ఉంటే కొన్నాళ్ళు భద్రంగా ఉంటుందని ఒక పిచ్చి నమ్మకం.

"రెండో బ్యాచ్ కానీ," అంది. "అప్పుడు చెప్తా."

"అప్పటిదాకా?"

"గట్టిగా పట్టుకొని ఉంటా."

అతను నవ్వాడు. చూరు నీళ్ళు భుజం మీద పడుతున్నా అతను పక్కకు జరగలేదు.

*

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నర. అక్కయమ్మ మోకాలు ఆనించి బ్యాగు జిప్పు లాగేసింది. చొక్కాలు వేరే గుడ్డ సంచిలోకి పోయాయి.

"మే నేత్రా," అంది, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ. "ఆ నంగలి చీటీ పొయ్యిలో పడింది. ముసలిదాన్ని, చెయ్యి జారింది. మీ నాయినకి నేనే చెప్పుకుంటాలే."

నేత్రావతి వంగి ఆమెను వెనక నుంచి పట్టుకుంది. "ఇడు, ఇడు. బస్సు పోతాది," అని విసుక్కుంది అవ్వ.

చిక్కవెంకటప్ప క్యానును మోపెడ్ ముందు నిలబెట్టి, కాళ్ళ నడుమ పట్టుకుని ముందు సాగిపోయాడు. వాళ్ళిద్దరూ మల్బరీ తోట గట్టు మీద నడిచారు. తెల్లవారుజాము మంచు ఆకుల మీద ఇంకా ఆరలేదు. ఆవులప్ప తన పొలంలోంచి, "పి.హెచ్.డి. సార్! మా ఆవు చూలు కట్టింది!" అని చెయ్యి ఊపాడు.

"పద్నాలుగు రోజులే," అన్నాడు నెల్సన్. "శాంపిల్స్ ల్యాబ్‌లో పెట్టేస్తా, జెల్ పరీక్ష చేస్తా, బస్సులు తిరుగుతానే వస్తా."

"ఊఁ."

"నువ్వు చెప్పాల్సింది వచ్చినాకే చెప్పు. ఇప్పుడు చెప్తే నేను బస్సు ఎక్కలేను."

ఆమెకు ఎంత హాయిగా తోచిందో ఆ మాట. ఇంకా పద్నాలుగు రోజులు దాచుకోవచ్చు. ఊఁ అనడానికి నోరు తెరిచింది కూడా. గట్టు మలుపులో బస్టాపు కనిపించింది. అతని భుజాన బ్యాగు బరువుకు ఒక పక్కకు ఒరిగి, ఏదో పాట ఈలగా వేసుకుంటూ నడుస్తున్నాడు. అమ్మ గొంతు వినిపించింది. తర్వాత చెప్తాలే.

"లేదు. ఇప్పుడే చెప్తా," అంది నేత్రావతి. "నిలబడు."

అతను నిలబడ్డాడు.

"ఉంటా. నీతోనే ఉంటా. డిగ్రీ ఫీజు కట్టేస్తా, పరీక్షలు రాసేస్తా. చర్చికి వస్తా, కూర్చుంటా. మోకాళ్ళ మీద నిలబడమంటే అది తర్వాత చూస్తాం. మీ అమ్మకు చెప్పు, నాకు కేకు చేసేది రాదు, నేర్పించమను. నేను ఆమెకు సంగటి నేర్పిస్తా. పురుగుల ఇల్లు మాత్రం ఇడవను. మీ ఊర్లో మల్బరీ పెరుగుతాదో లేదో చూడు."

ఊపిరి తీసుకోకుండా అనేసింది. ఆకాశం విరిగి పడలేదు. పక్క మడిలో నీళ్ళు పారుతున్నాయి, అంతే.

నెల్సన్ బ్యాగు కింద పెట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి, "నేను ముందే చెప్పినాను కదా, బస్సు ఎక్కలేనని," అన్నాడు.

"ఎక్కు. మూడు నెలల పని కరిగిపోతాది. లెయ్యి!"

చెయ్యి పట్టి లేపింది. తొడుగులు లేని చెయ్యి. బస్టాపు దాకా ఆ చెయ్యి వదలలేదు. తండ్రి చూస్తాడని తెలిసీ వదలలేదు.

చిక్కవెంకటప్ప చూశాడు. క్యానును బస్సు మెట్టు మీదికి ఎక్కించి, కండక్టర్‌తో మాట్లాడి, డ్రైవర్ వెనక సీటు కింద తాడుతో కట్టించి దిగాడు. నెల్సన్‌కు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కండక్టర్ ఈల వేశాడు.

"వచ్చేటప్పుడు ఒక్కడివే రావద్దు," అన్నాడు. "మీ అమ్మని పిలుచుకొని రా. పెద్దోళ్ళం కూర్చొని మాట్లాడాల."

పది మాటల లెక్క ఆ రోజు దాటిపోయింది. నెల్సన్ వంగి ఆయన పాదాలు ముట్టుకోబోతే, "బస్సు, బస్సు," అని లోపలికి తోశాడు.

కిటికీలోంచి అతను చెయ్యి చాపాడు. నేత్రావతి వేళ్ళ చివర్లు తగిలాయి. బస్సు కదిలింది. కోలారు దారిలో చింతచెట్ల నీడల్లోకి, ఎండలోకి, మళ్ళీ నీడల్లోకి పోయింది. ఆమె నవ్వుతూనే ఉంది. దవడలు నొప్పి పుట్టాయి.

సాయంత్రం ఫోన్ వచ్చింది, శాంపిల్స్ చేరాయని. మార్గరెట్ కూడా ఫోన్ చేసింది. "కేకు ఏం పెద్ద పని మా, రెండు రోజుల్లో నేర్పిస్తా," అంది. మే ఆరున అతను మళ్ళీ ఫోన్ చేసి అరిచాడు. "దొరికింది నేత్రా! నీలం తిరిగే ముందు పన్నెండో గంటకు చీటీని వదిలేస్తా ఉండాది! నీ రిజిస్టర్‌లో ఉండే గంటే!" ఆమె పురుగుల ఇంటి గడపలో నిలబడి అవ్వనూ నాయిననూ పిలిచింది. అక్కయమ్మకు ఏం దొరికిందో అర్థం కాలేదు. అయినా బెల్లం పంచింది. ఆ ఫోన్ చివర్లో అతను రెండుసార్లు దగ్గాడు.

నెల్సన్ తిరిగి రాలేదు. 2021 మే పంతొమ్మిదో తేదీ, బుధవారం పొద్దున, బెంగళూరులో ఒక ఆసుపత్రిలో కరోనాతో పోయాడు.